గడప బయటి తోలు బ్యాగు

సాయంత్రం అంగడికి తాళం వేశాక వరలక్ష్మమ్మ దాన్ని మూడుసార్లు లాగి చూస్తుంది. రెండు మెట్లు దిగుతుంది. మళ్ళీ ఎక్కి ఇంకోసారి లాగుతుంది. "ముందు మూడు తూర్లు లాగింది తన చెయ్యేనా అని ఆయమ్మకు అనుమానం" అంటాడు ఆమె భర్త బదరీనారాయణ. ఆ మాట ఆమెకు వినబడేలాగే అంటాడు.

ఉరవకొండ పాత బస్టాండు వీధిలో వాళ్ళది సొంత గానుగలో ఆడించి అమ్మే శెనక్కాయ నూనె అంగడి. ముందు అంగడి, దాని పక్కన చిన్న వసారా, వెనక ఇల్లు. పైన రెండు గదుల్లో మా అమ్మ, నేను అద్దెకు ఉంటాం. అమ్మ బడిలో టీచరు. నేను ఎం.ఏ. తెలుగు అయిపోయి ఇంట్లోనే చదువుకుంటున్నాను. పుస్తకం పట్టుకుని మెట్ల మీద కూర్చుంటే అంగడీ వీధీ రెండూ కనిపిస్తాయి. నేను పెద్దగా మాట్లాడను. అందుకేనేమో, నేనక్కడ ఉన్నాననే సంగతి మరిచిపోయి అందరూ మాట్లాడేసుకుంటారు.

వరలక్ష్మమ్మకు అందరి మీదా అనుమానమే. నీళ్ళ మోటరు కాసేపు ఎక్కువ తిరిగితే మేడ వైపు చూస్తుంది. మా వంటింట్లో పోపు వాసన వస్తే పెరట్లో తన కరివేపాకు చెట్టు వైపు చూస్తుంది. మాకు కుండీలో వేరే చెట్టు ఉందని అమ్మ చాలాసార్లు చెప్పింది. "ఉండాదిలేమ్మా, నేనేమన్నా అంటినా?" అంటుంది ఆమె, చెట్టు కొమ్మలు తడుముతూనే.

ఇదంతా ఆమెకు వ్యాపారం నేర్పిన విద్య. శెనక్కాయ మూటకు చిల్లి పడితే ముందు చూపుడువేలు లోపల పెడుతుంది. గోనె దారాలు తిన్నగా తెగి ఉంటే అది మనిషి కత్తి. అంచులు పీచుపీచుగా ఉండి, కింద నుసి రాలి ఉంటే ఎలుక. హమాలీలు ఎన్ని ఒట్లు పెట్టుకున్నా ఆమె వేలు చెప్పిందే తీర్పు. ఇత్తడి గిన్నెలు కళాయికి ఇచ్చేముందు ప్రతి గిన్నె అడుగునా సూదితో మూడు గీతలు గీస్తుంది. గిన్నె మార్చి ఇస్తారని భయం. వాళ్ళమ్మ అట్లాగే గీసేదట, అవ్వ కూడా గీసేదట.

అంగడి మెట్ల పక్కన రేకుల చూరు కింద కుళ్ళాయప్ప చెప్పులు కుడతాడు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు బస్టాండు దగ్గర అతని చోటు పోయింది. అప్పుడు బదరీనారాయణే పిలిచి ఇక్కడ కూర్చోమన్నాడు. ఉరవకొండ ఎండలో నీడ దొరకడం చిన్న సంగతి కాదు. ఎండలో కూర్చుంటే అతికించే సొల్యూషన్ డబ్బాలోనే గడ్డకడుతుంది, తోలు ముక్కలు కొంకర్లు పోతాయి. గిరాకీ కూడా నీడ ఉన్న చోటే నిలబడి చెప్పు విప్పుతుంది. అతని ఇల్లు గడిచేది ఆ చూరు కింద.

అతను వచ్చిన రోజు నుంచీ వరలక్ష్మమ్మ ఒక కన్ను అతని మీద వేసే ఉంచింది. నీళ్ళు కావాలంటే పై మెట్టు మీద నిలబడి అతని బాటిల్లోకి పోస్తుంది. ఇన్నేళ్ళలో కుళ్ళాయప్ప ఆ గడప దాటలేదు. దాటమని ఎవరూ అనలేదు.

ఆ గడప దాటనిది ఇంకొకటి ఉండేది. అది వరలక్ష్మమ్మ తోలు బ్యాగు.

ఆమె పుట్టిల్లు హిందూపురం. తండ్రికి బట్టల అంగడి. ఆమె టైపు పరీక్ష పాసైన ఏడాది ఆయన బెంగళూరు నుంచి ముదురు గోధుమరంగు తోలు హ్యాండ్‌బ్యాగు తెచ్చాడు. ఉద్యోగానికి పోయేటప్పుడు భుజాన వేసుకోవచ్చని. ఉద్యోగం రాకముందే పెళ్ళయింది. అత్తగారింటికి ఆ బ్యాగుతోనే వచ్చింది. అత్త గడప దగ్గరే ఆపింది. నూనె అమ్మే ఇల్లు, దేవుడుండే ఇల్లు, చచ్చిన గొడ్డు తోలు లోపలికి రాకూడదంది. వసారా గోడకు మేకు కొట్టించి దాన్ని అక్కడే తగిలించింది. కింద చెప్పులు, పైన బ్యాగు.

అత్త పోయింది. ఇల్లు వరలక్ష్మమ్మ చేతికి వచ్చింది. బ్యాగు మాత్రం మేకు మీదే ఉండిపోయింది. ఆషాఢం గాలికి ఎర్రమట్టి దుమ్మంతా దాని కుట్లలో చేరింది. పడమటెండ తగిలే వైపు రంగు వెలిసి తోలు పగుళ్ళిచ్చింది. ఎప్పుడో ఒకసారి పడే వాన జల్లుకు రెండో వైపు తెల్లగా బూజు పట్టింది. బెంగళూరులో చెల్లెలింటికి వెళ్ళినప్పుడల్లా ఆమె ప్లాస్టిక్ వైరు బుట్ట పట్టుకుని వెళ్ళేది.

పోయిన ఎండాకాలం వసారాకు సున్నం కొట్టించారు. సున్నం కొట్టే వెంకటరాముడు మేకు మీది బ్యాగును కర్రతో లేపి, "శెట్టెమ్మా, ఈ ఎండిపోయిన గబ్బిలాన్ని యాడ పారేయల్ల?" అని అరిచాడు.

"నీ నోరు పారేయ్. ఈడ పెట్టు దాన్ని" అంది వరలక్ష్మమ్మ.

చాలాసేపు దాన్ని ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూర్చుంది. తర్వాత కొంగుకున్న పిన్నీసు తీసి బ్యాగు అడుగు మూలన మూడు గీతలు గీసింది. అప్పుడు లేచి కుళ్ళాయప్ప దగ్గరికి వెళ్ళింది.

"ఏమప్పా, ఇది బాగయ్యేదేనా?"

కుళ్ళాయప్ప దాన్ని అటూ ఇటూ తిప్పి, బొటనవేలితో ఒత్తి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "పైన చచ్చినట్టుండాది గానీ లోపల జీవముండాది. మంచి తోలమ్మా. ఇట్లాంటిది ఇప్పుడు యాడా దొరకదు."

"దొరకదా?"

"దొరకదు."

"దొరకందాన్ని నీ చేతికిస్తే మళ్ళా నాకు దొరుకుతాదా?"

కుళ్ళాయప్ప నవ్వాడు. "నీ కండ్ల ముందరే చేస్తా. కావల్లంటే కుర్చీ యేసుకోని కూర్చో."

ఆమె నిజంగానే కుర్చీ వేయించుకుంది.

అతను పాత పళ్ళ బ్రష్షుతో కుట్ల మధ్య దుమ్ము తీస్తుంటే కింద పరిచిన పేపరు ఎర్రబడింది. బూజును పొడిగుడ్డతో తుడిచి, కుంకుడు నురుగును మాత్రం గుడ్డకు అద్దుకుని మెల్లగా రుద్దాడు. తడి ఆరడానికి బ్యాగును చూరు కింద లోపలి మూలకు తగిలించాడు.

"ఎండలో పెడితే జల్దీ ఆరుతాది కదా, ఆ మూలకెందుకు దాస్తాండావు?"

"దీన్ని చంపిందే ఎండ కదమ్మా. మళ్ళా ఆ మొగుడి దగ్గరికే పంపీమంటావా?"

తోలు ఆరాక గోరువెచ్చటి ఆముదం కొంచెం కొంచెంగా పట్టించాడు. ఒక పూట పట్టించి, ఒక రోజు ఊరుకుని, మళ్ళీ పట్టించేవాడు. పగుళ్ళు మూసుకుపోలేదు గానీ మెత్తబడ్డాయి. తెగిన పట్టీని మైనం రాసిన దారంతో కుట్టాడు. తుప్పు పట్టిన బకిలును నిమ్మతొక్కతో రుద్దాడు. ఇదంతా అయ్యేదాకా వరలక్ష్మమ్మ గిరాకీని భర్తకు వదిలేసి అక్కడే కూర్చుంది. సాయంత్రమైతే బ్యాగును తీసుకుపోయి వసారాలో బుట్ట కింద బోర్లించేది. బుట్ట మీద రాయి.

చివర రంగు పాలిష్ పట్టించి ఇచ్చిన రోజు, ఆ బ్యాగును చూసి వెంకటరాముడే గుర్తుపట్టలేదు. వరలక్ష్మమ్మ ముందు మూల తిప్పి చూసింది. మూడు గీతలూ ఉన్నాయి. తర్వాతే భుజాన వేసుకుంది. అంగడి అద్దాల బీరువాలో తనను తాను చూసుకుని, ఎవరన్నా చూస్తున్నారేమో అని వెనక్కి తిరిగింది. నేను పుస్తకంలోకి తల దించాను.

ఆ రోజే ఆమెకు కొత్త చిక్కు వచ్చింది. ఇన్నాళ్ళూ వసారాలో వేలాడిన దాన్ని దొంగలు కూడా ముట్టలేదు. ఇప్పుడు అది బాగుంది, బయట పెడితే ఎవరైనా ఎత్తుకుపోతారు. గడప ముందు బ్యాగు పట్టుకుని నిలబడింది. లోపల గోడ మీద అత్త ఫోటో. "ఇంగేం చేస్తా మరి, దినాలట్లుండాయి" అని ఫోటోతోనే అన్నట్టు అని, బ్యాగుతో లోపలికి వెళ్ళింది. దేవుడి గదికి దూరంగా, మూటలుండే వెనక గదిలో గోడ అల్మారాలో పెట్టింది.

తర్వాత దాని వాసన మీద అనుమానం వచ్చింది. "ఆముదమంటాండాడు. లారీల కింద కారిన ఆయిలో ఏమో, ఎవరు చూసిరి?" ఆ ఇంట్లో తలుపు బందులకు, మోకాళ్ళ నొప్పులకు, దేవుడి దీపానికి, అన్నింటికీ సొంత గానుగ నూనే. వేరే నూనెను నమ్మడం అంటే ఇంటిని తక్కువ చేయడమే. గిన్నెలో శెనక్కాయ నూనె తీసుకుని, పాత చీర పేలికతో బ్యాగంతా తుడిచింది. తర్వాత కూడా అప్పుడప్పుడూ తుడిచేది. నూనె జారి అడుగు మూలల్లో నిలిచేది. "మన నూనె తగిల్తేనే దీనికి కళ" అని మా అమ్మకు చూపించింది కూడా.

కొన్నాళ్ళకు బకిలు ఊడితే మళ్ళీ కుళ్ళాయప్పకే ఇచ్చింది. ఆ పొద్దు అంగడిలో గిరాకీ ఎక్కువ, కుర్చీ వేసుకోవడం కుదరలేదు. అతను బకిలు బిగించి, పేపరులో చుట్టి చీకటిపడే వేళ ఇచ్చాడు. కరెంటు లేదు. ఆమె విప్పి చూడకుండానే అల్మారాలో పెట్టేసింది.

బెంగళూరులో చెల్లెలి మనవడి నామకరణం వచ్చింది. బ్యాగు భుజాన వేసుకుని బస్సెక్కాలని ఆమె చాలా రోజులుగా అనుకుంటోంది. ప్రయాణం ముందు రోజు అల్మారా తెరిచింది. పేపరు చిరిగి ఉంది. బ్యాగు అడుగు మూలన నిమ్మకాయంత చిల్లి. మూడు గీతలు ఉండాల్సింది సరిగ్గా అక్కడే.

అప్పుడు నేను మెట్లు దిగుతున్నాను. ఆమె బ్యాగుతో నాకంటే ముందే చూరు కిందికి వచ్చింది.

"ఏమప్పా కుళ్ళాయప్పా, ఇట్లాంటి తోలు యాడా దొరకదంటివి కదా?"

"అంటి."

"దొరకందాన్ని కోసి ఎవరికి అంటించినావు?"

కుళ్ళాయప్ప చేతిలోని చెప్పు కింద పెట్టాడు. "ఏమి కోసింటి?"

"ఇది చూడు. గుర్తు పెట్టిన్యా ఈడ. గుర్తుతో సహా కోసినావు. బకిలు వంకతో నీ చేతికొచ్చిన దినమే పోయుండాది ఇది." ఆమె చూపు నా కాళ్ళ మీద పడింది. "పాపా, నీ చెప్పు ఇట్లీ."

ఆ వారమే కుళ్ళాయప్ప నా చెప్పు మడమకు గోధుమరంగు ముక్క వేశాడు. నేను విప్పి ఇచ్చాను. ఆమె దాన్ని చిల్లి పక్కన పెట్టింది. "రంగు చూడు! ఒకటే రంగు!"

"అమ్మా, లోకంలో గోధుమరంగు తోలంతా నీదేనా?" అన్నాడు కుళ్ళాయప్ప. "అట్లయితే ఆ గొడ్లు గూడా నీవే. తోలుకోని పోయి మేపుకో."

వీధిలో నిలబడినవాళ్ళు నవ్వారు. ఆ నవ్వుతో ఆమె ముఖం బిగుసుకుపోయింది. లోపలినుంచి బదరీనారాయణ, "ఏమ్మే, లోపలికి రా" అన్నాడు. ఆమె కదల్లేదు.

"రేపట్నుంచి ఈడ కూర్చోవద్దు."

"రేపటిదాకా ఎందుకులే" అన్నాడు అతను. తోలు గుచ్చే ఆరె, ఉలి, ఇనప దిమ్మె, డబ్బాలు పెట్టెలో సర్దుకున్నాడు. పోతూ పోతూ నా చెప్పు నాకిచ్చి, "ఏసుకో పాపా. ఇంగ దీనికీ గీతలు పెడ్తాది" అన్నాడు.

ఆమె బెంగళూరు వెళ్ళలేదు.

కుళ్ళాయప్ప తహసీల్దారు ఆఫీసు గోడవారన కూర్చోవడం మొదలుపెట్టాడు. పొద్దున కాస్త గోడ నీడ ఉండేది. ఎండ ఎక్కాక సైకిలుకు గొడుగు కట్టుకునేవాడు. గాలికి గొడుగు తిరగబడేది. మధ్యాహ్నానికి పెట్టె ఎత్తుకుని ఇంటికి వెళ్ళిపోవడం నేను లైబ్రరీకి పోతూ చూశాను. ఇట్లాగే ఉంటే పని మానేసి అనంతపురంలో వాచ్‌మన్‌గా చేరతానంటున్నాడని అతని భార్య రామాంజినమ్మ మా అమ్మతో అంది. వరలక్ష్మమ్మకు ఆ మాట చేరింది. "పోయేవాళ్ళు పోతారు. తప్పు చేయకుంటే ఎందుకు పోవల్ల?" అంది. కానీ ఖాళీ అయిన చూరు కింద ఎవరైనా కాసేపు నిలబడితే మెట్ల మీదికి వచ్చి చూసేది.

ఒక పొద్దున బదరీనారాయణ వెనక గదిలోంచి కేకేశాడు. "కొత్త మూటకు చిల్లి పడింది, నీ వేలు తీసుకోని రా."

ఆమె వెళ్ళి, అలవాటుగా చూపుడువేలు చిల్లిలో పెట్టింది. అంచులు పీచుగా ఉన్నాయి. కింద నుసి. "ఎలక" అంది.

మూట అల్మారా కిందే ఉంది. వేలు తీయకుండానే తలెత్తి అల్మారా వైపు చూసిందట. తర్వాత అల్మారాలోంచి బ్యాగు తీసుకుని వసారాలోకి, వెలుతురులోకి వచ్చింది. ఆ రోజు చూసి కోపంతో అరిచిందే గానీ, ఆ చిల్లిలో వేలు పెట్టలేదు. ఇప్పుడు పెట్టింది. అంచు తిన్నగా లేదు. చిన్న చిన్న పంటి గాట్లు. తిరిగి వెళ్ళి చూస్తే అల్మారా అడుగున గోధుమరంగు నుసి, ఎలుక పెంటికలు. బ్యాగు మూల ముక్కు దగ్గర పెట్టుకుంది. వేయించిన శెనక్కాయల వాసన.

"మన నూనె ఎలకలకు బాగా రుచించినట్టుండాది" అన్నాడు బదరీనారాయణ. "బోర్డు మీద రాపిద్దామా?"

"ఊరుకోండి" అంది ఆమె.

అయినా ఎలుకను కూడా ఆమె సాక్ష్యం లేకుండా నమ్మలేదు. బోనులో పకోడీ బదులు పాత చెప్పు నుంచి కోసిన తోలు ముక్కను శెనక్కాయ నూనెలో తడిపి పెట్టింది. మరునాడు అందులో లావుపాటి ఎలుక.

"పాపా, నాతో రా" అని పిలిచింది నన్ను.

"యాడికి పెద్దమ్మా?"

"సాచ్చానికి."

ఆమె బ్యాగు భుజాన వేసుకుంది. చిల్లి బయటికి కనిపిస్తూనే ఉంది. ఆ బ్యాగుతో ఆమె వీధిలో నడవడం అదే మొదటిసారి. కుళ్ళాయప్ప గొడుగు కింద తల వంచుకుని పని చేస్తున్నాడు. ముందు కాళ్ళు చూశాడు, తర్వాత ముఖం.

"ఏమి శెట్టెమ్మా? ఇంగేం పోయింది?"

"ఏమీ పోలేదు. అది ఎలక కొట్టింది."

"ఏ ఎలక? రెండు కాళ్ళదా, నాలుగు కాళ్ళదా?"

"నాలుగు కాళ్ళదే. బోనులో పడింది. ఈ పాపనడుగు."

నేను తల ఊపాను.

"పడకుంటే?" అన్నాడు అతను.

ఆమె గోడ వైపు తిరిగింది. "దానికి శెనక్కాయ నూనె పూసిన్యా" అంది.

కుళ్ళాయప్ప బ్యాగు అందుకుని వాసన చూశాడు. "తోలుకు తినే నూనె పూస్తారా ఎవరన్నా? ముందే తెలిసింటే చెప్తాంటి. నువ్వు చేస్తావని నాకేం తెల్సు?"

"మా ఇంట్లో అన్నిటికీ అదే కదప్పా." గొడుగు గాలికి ఊగుతుంటే ఆమె ఒక చేత్తో దాని కర్ర పట్టుకుంది. "రేపట్నుంచి ఆడికి రా."

"రాను."

"ఎందుకు రావు?"

"ఈ తూరి ఎలక. వచ్చే తూరి పందికొక్కు. అది కొట్టినప్పుడల్లా నేను పెట్టె సర్దుకోవల్లనా?" ఆరెను తోలులో గుచ్చి ఆపాడు. "ఒకటి చెప్తా. ఒప్పుకుంటే వస్తా. దినామూ ఈ పెట్టె ఇంటికి మోస్తాండా. రేతిరికి మీ అంగడిలో పెట్టుకో. నేనే లోపలికొచ్చి పెడ్తా, పొద్దున నేనే వచ్చి తీసుకుంటా."

వరలక్ష్మమ్మ పెట్టె వైపు చూసింది. నిండా తోలు ముక్కలు, పాత చెప్పుల అట్టలు. "తోలు..." అని ఆగింది.

"నీ బ్యాగు లోపలికి పోలేదా? అది తోలు కాదా?"

ఆమె అతని చేతిలోని బ్యాగు వైపు చూసింది. గొడుగు కర్ర మాత్రం వదల్లేదు. ఆమె ఒప్పుకోదనే అనుకున్నాను.

"తాళమెయ్యల్ల" అంది చివరకు.

"దేనికి?"

"నీ పెట్టెకు. రేపు ఆరె పోయింది, ఉలి పోయిందని నన్నంటే నేను పడను."

కుళ్ళాయప్ప ఆమె ముఖంలోకి చూశాడు. ఎగతాళి కాదు, నిజంగానే అంటోంది. అతనికి నవ్వాగలేదు. "సరే" అన్నాడు. "బ్యాగు ఈడ పెట్టిపో. ముక్క ఏస్తా."

ఆమె పెట్టి పోలేదు. పక్కనున్న రాయి మీద కూర్చుంది.

అతను వేసిన ముక్క రంగు కలవలేదు. కొంచెం ఎర్రగా ఉంటుంది. ఆ బ్యాగుతోనే ఆమె తర్వాత బెంగళూరు వెళ్ళొచ్చింది. దానికిప్పుడు ఆముదమే పూస్తోంది, డబ్బా మూత తీసి వాసన చూశాక.

వరలక్ష్మమ్మకు ఇప్పుడు అరవై ఆరేళ్ళు. సాయంత్రం కుళ్ళాయప్ప పెట్టె ఎత్తుకుని గడప దాటి వెళ్ళి నూనె డబ్బాల పక్కన పెడతాడు. ఆమె పెట్టె తాళం మూడుసార్లు లాగి చూస్తుంది. బయటికి వచ్చాక అంగడి తాళం మూడుసార్లు ఆమె లాగుతుంది, ఒకసారి అతను లాగుతాడు.